వృత్తి ఎంపికలో అనిశ్చితి – కళాశాల మార్గదర్శక సేవల ఉపయోగం: చిలమకూరు పరిసరాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
ఏ ఉద్యోగం కావాలో తేల్చుకున్న తరువాతే కళాశాలలోని ఉపాధి విభాగాన్ని సంప్రదించాలన్న భావన విద్యార్థుల్లో ఉంది. నిర్ణయానికి రాలేని విద్యార్థికే ఆ విభాగం అవసరం ఎక్కువని, అక్కడ ఏమి అడగాలో, ఏమి ఆశించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృత్తి మార్గదర్శనం, అనిశ్చితి, ఇంటర్న్‌షిప్, డిగ్రీ విద్య, చిలమకూరు.

1. ప్రవేశిక:
చిలమకూరు కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని గ్రామం. సున్నపురాయి నిక్షేపాలు, వాటి ఆధారంగా వెలసిన సిమెంటు కర్మాగారం ఈ ఊరికి గుర్తింపు తెచ్చాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఈ ప్రాంత విద్యార్థులకు అందుబాటులో ఉన్న పట్టణాలు. డిగ్రీ ముగియవచ్చేసరికి పోటీపరీక్షలా, ఉపాధ్యాయ శిక్షణా, నగరంలో ఉద్యోగమా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ఇంట డిగ్రీ చదివినవారిలో తానే మొదటివాడైతే, దారి చెప్పగల అనుభవం పెద్దలకు ఉండకపోవచ్చు. తోటివారు చేరిన కోర్సులోనే చేరి, సరిపడక మానుకుంటే కట్టిన రుసుముతోపాటు విలువైన సంవత్సరాలూ పోతాయి. ఈ లోటును పూరించే అవకాశం కళాశాలకు ఉంది.

2. వృత్తి మార్గదర్శనం – భావన:
ఆధునిక వృత్తి మార్గదర్శనానికి ఆద్యుడిగా పేరొందిన ఫ్రాంక్ పార్సన్స్ 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక మార్గదర్శక కేంద్రాన్ని నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1909లో వెలువడిన గ్రంథం వృత్తి ఎంపికకు మూడు మెట్లను సూచించింది. తన సామర్థ్యాలను, పరిమితులను తెలుసుకోవడం మొదటిది. వృత్తుల స్థితిగతులను తెలుసుకోవడం రెండవది. ఈ రెండింటినీ తర్కబద్ధంగా సమన్వయించుకోవడం మూడవది. ఉద్యోగం చూపడం ఈ మూడింటిలో లేదు. నిర్ణయానికి సిద్ధం కావడమే ఉంది.

తరువాతి కాలంలో జాన్ హాలండ్ అభిరుచులను ఆరు రకాలుగా వర్గీకరించాడు. అటువంటి వర్గీకరణల ఆధారంగా జరిపే అభిరుచి పరీక్షల ఫలితం తీర్పు కాదు, సంభాషణకు ఆధారం మాత్రమే. జాన్ క్రంబోల్ట్జ్ మరొక అడుగు ముందుకు వేసి, అనిశ్చితిని లోపంగా కాక కొత్త అవకాశాలను గుర్తించగల మనఃస్థితిగా చూడాలని ప్రతిపాదించాడు.

3. అందుబాటులోని సేవలు:
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ కేంద్రాలు భావప్రకటన, కంప్యూటర్ నైపుణ్యాలలో శిక్షణ ఇస్తూ, నియామకాలకు విద్యార్థులను సిద్ధం చేస్తున్నాయి. 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టింది. కేంద్ర కార్మికశాఖ 2015లో ప్రారంభించిన జాతీయ కెరీర్ సేవా పోర్టల్‌లో ఉద్యోగ ప్రకటనలతోపాటు మార్గదర్శక సమాచారమూ లభిస్తుంది.

ఇంటర్న్‌షిప్‌ను కేవలం ధ్రువపత్రం కోసం పూర్తిచేస్తే ప్రయోజనం స్వల్పం. ఒక వృత్తిని కొద్దికాలం దగ్గరగా చూసి, అది తనకు తగినదో కాదో తేల్చుకునే పరీక్షగా భావిస్తే అదే అనిశ్చితికి మందు. తగదని తేలడం కూడా ఫలితమే.

4. ప్రశ్నను మార్చుకోవడం:
“నాకు ఏ ఉద్యోగం వస్తుంది?” అన్న ప్రశ్నకు అధ్యాపకుడు కచ్చితమైన సమాధానం చెప్పలేడు. “నా చదువుతో ఏయే పనులు చేయవచ్చు? వాటిలో ఒకదానిని దగ్గరగా చూడడానికి ఎవరిని కలవాలి?” అన్న ప్రశ్నలకు చెప్పగలడు.

సిమెంటు కర్మాగారాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. బయటినుంచి చూసేవారికి అది కూలి, ఇంజనీరు అనే రెండు కొలువులుగా కనిపిస్తుంది. గనిలో రాతినాణ్యతను అంచనా వేసేది భూవిజ్ఞానశాస్త్రం చదివినవారు. రాతిపొడి మిశ్రమాన్ని, సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో తయారైన క్లింకర్‌ను పరీక్షించేది రసాయనశాస్త్రం చదివినవారు. లెక్కలు, కొనుగోళ్లు వాణిజ్యశాస్త్ర పట్టభద్రుల పని.

మానవీయశాస్త్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఇదే మండలంలోని కలమళ్లలో రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం లభించింది. క్రీ.శ. 575 నాటిదిగా భావించే ఈ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తారు. చరిత్ర, తెలుగు చదివే విద్యార్థికి శాసనపరిశోధన, మ్యూజియం నిర్వహణ, గ్రంథసంపాదకత్వం వంటి మార్గాలున్నాయని ఈ రాయి గుర్తుచేస్తుంది. వాటికి కావలసిన తదుపరి చదువు, ఖాళీల పరిమితి మార్గదర్శకుని ద్వారా ముందే తెలుసుకోవాలి.

5. పరిమితులు:
అనేక కళాశాలల్లో ఈ బాధ్యతను బోధనతోపాటు నిర్వహించేది అధ్యాపకులే. అన్ని వృత్తుల సమాచారం వారివద్ద ఉండకపోవచ్చు. అటువంటప్పుడు ఆ రంగంలో ఉన్న పూర్వవిద్యార్థులతో పరిచయం కల్పించమని కోరవచ్చు. ఇంటి ఆదాయం, ఊరు విడిచి వెళ్లగల వీలు, తల్లిదండ్రుల అభిప్రాయం కూడా నిర్ణయంలో భాగాలే. వాటిని దాచితే సలహా ఆచరణకు రాదు. చివరి సంవత్సరం వరకు ఆగకుండా తొలి సంవత్సరంలోనే కేంద్రాన్ని సంప్రదిస్తే ఇంటర్న్‌షిప్‌ను ఆలోచించి ఎంచుకునే వ్యవధి ఉంటుంది.

6. ముగింపు:
మార్గదర్శక కేంద్రం విద్యార్థి తరఫున నిర్ణయం తీసుకోదు. తెలియని వృత్తులను తెలిపి, తెలిసినవాటిని పరీక్షించుకునే వీలు కల్పిస్తుంది. కళాశాలలు ప్రాంగణ నియామకాల సంఖ్యతోపాటు, నిర్ణయానికి రాలేక వచ్చిన విద్యార్థులకు ఇచ్చిన సమయాన్నీ తమ సేవలో భాగంగా లెక్కించుకోవాలి. “ఇంకా తేల్చుకోలేదు” అని చెప్పగలగడమే విద్యార్థి అక్కడికి వెళ్లడానికి తగిన అర్హత.