లారీ యంత్రమునకు నీరు మార్చుట

పెద్దలారా! లారీ యంత్రమున మండు చమురు పుట్టించు వేఁడిలో రమారమి మూఁడవ పాలు లోపలి నీరే మోసికొనిపోవలెను. ఆ నీరు రేడియేటరు సన్నగొట్టములలో గాలిచేఁ జల్లబడి మరల యంత్రములోనికిఁ బోవుచుండును. అనేక గ్రామముల బావినీట సున్నము మెండు. అది కాఁగు లోపలఁ బట్టు పొరవలెనే గొట్టములలోఁ బేరుకొని వేఁడిని వెడలనీయదు. కావుననే యప్పుడప్పుడు కడిగి నింపవలెను.

యంత్రము పూర్తిగాఁ జల్లారక మూఁత తీయరాదు. మూఁత బిగియుండుటచే నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక యణఁగియుండును. తెఱచినంతనే యావిరియై యెగఁజిమ్మును. మా యూర నొక క్లీనరు కుఱ్ఱవాఁ డిట్లే కన్ను పోఁగొట్టుకొనెను.

చల్లారినపిదప రేడియేటరు అడుగు కుళాయియు, యంత్రపు ప్రక్కమరయు విప్పి పాతనీటిని తొట్టిలోఁ బట్టవలెను. మంచినీరు నింపి, వేఁడెక్కువఱకు నడపి, చల్లార్చి మరల విడువవలెను. తేటనీరు వచ్చువఱకు నిట్లే చేయవలెను. వేఁడి యంత్రమునఁ జన్నీరు పోసిన నినుము బీటలువాఱును.

తుదకు స్వేదనజలమును గూలెంటును సమపాళ్లఁ గలిపి మెల్లఁగాఁ బోయవలెను. ముందే కలిపియుంచిన సరకైనచో నీరు చేర్పరాదు. మూఁత తీసియే కొంతసేపు నడపి, బుడగలు నిలిచినపిదప కొఱత నింపి మూయవలెను.

పాత కూలెంటు తియ్యగా నుండును, కాని విషము. పశువులును గుక్కలును ద్రాగి చచ్చును. దానిని చెఱువునఁ గాని, మందత్రోవను గాని పోయనీయకుఁడు. ఈ కట్టడి చేయఁగలవారు మీరే.