బోనులో శీలపరీక్ష

సంధ్యవేళ నల్లగండ్ల చెరువువైపు నడకకు పోవువారికి, అపార్ట్‌మెంటు గేటుయొద్ద వాచ్‌మన్ కుర్చీక్రింద ముడుచుకొని పరుండు కుక్క క్రొత్తది కాదు. దానికి పెరుగన్నము పెట్టువారు కొందరు. దానిని చూచి పిల్లను చంకనెత్తుకొని దాటువారు కొందరు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల వాతబడి మరణించిన పిమ్మట హైదరాబాదు నగరపు తల్లులను పట్టుకొన్న భయమును తేలికగా త్రోసివేయుట ఎవరికిని తగదు.

వీధికుక్కకు పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలయునని 2023 నాటి కేంద్ర నియమములు విధించినవి. నయముకాని రోగముతోనో ప్రాణాంతకమైన గాయముతోనో ఉన్నదానికి మాత్రమే పశువైద్యుడు బాధలేని మరణము నొసగవచ్చును. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఈ పద్ధతినే నిలుపుచు, రేబిస్ సోకినవియు దూకుడు స్వభావము గలవియు మరల వీధికి రారాదనెను. దూకుడనగా నేమో ఆ యుత్తర్వు నిర్వచింపలేదు. ఒక ప్రాణి శేషజీవితము వీధిలోనో బోనులోనో అను నిర్ణయమంతయు ఆ యొక్క మాటపై నిలిచియున్నది.

అమెరికా షెల్టర్లలో కుక్క దూకుడుదో కాదో తేల్చుటకై చిరకాలముగా పరీక్షలు జరుగుచున్నవి. కఱ్ఱకు తగిలించిన రబ్బరుచేతితో, తినుచున్న కుక్క గిన్నెను కదల్చి చూతురు. కరచినదానిని దత్తతకు పనికిరాదని త్రోసివేయుటయు, చంపుటయు కలదు. ఇట్టి పరీక్షలు బొమ్మా బొరుసా యని నాణెమెగురవేయుటకంటె మెరుగు కావని 2016లో పాట్రొనెక్, బ్రాడ్లీ అను పరిశోధకులు లెక్కగట్టి చూపిరి. ఆ లెక్క మనమును వేయవచ్చును. నూరు కుక్కలలో నిజముగా ప్రమాదకరమైనవి పది యనియు, పరీక్ష నూటికి ఎనుబదిపాళ్లు సరియైనదనియు అనుకొందము: అది ఆ పదింటిలో ఎనిమిదింటిని పట్టును, కాని తక్కిన తొంబది సాధువులలో పదునెనిమిదింటిపై క్రూరత్వపు ముద్ర వేయును. దోషులకంటె నిర్దోషులే రెట్టింపునకు మించి శిక్షింపబడుదురు!

పైగా, క్రొత్త బోనులో తొలి మూడు దినములు కుక్క నెత్తుటిలో ఒత్తిడిని తెలుపు కార్టిసాల్ మిక్కుటముగా నుండునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అపరిచితుల నడుమ, అరపుల నడుమ, తన వీధి వాసనయే లేని చోట గుర్రుమన్న కుక్క మనకు తెలుపునది తన భయమునే గాని శీలమును గాదు. కావున ఒక్కనాటి పరీక్షతో తీర్పు చెప్పరాదు. కొన్నాళ్లు ఆగి, పలువురు చూచి, అది తిరిగిన వీధిలోని సాక్ష్యమును కూడ వినవలయును. పిల్లలనీనిన తల్లికుక్క ఒకసారి మీదికురికినది వేరు. కారణములేక బాటసారులను పలుమార్లు కరచినది వేరు. రెండవదానిని మరల గేటుయొద్ద విడువరాదనియే నా నిశ్చయము.

నల్లగండ్ల నివాసులకు నా ప్రార్థన యొక్కటే: కుక్కలను పట్టు బండి వచ్చిననాడు, భయముతో తలుపు మూసికొనక, దయతో బండికి అడ్డుపడక, క్రిందికి దిగివచ్చి మీకు తెలిసినది చెప్పుడు. ఆ కుక్క ఎవరిని, ఎన్నడు, ఏ స్థితిలో కరచినదో రాత్రి కాపలా వానిని అడిగి మరీ చెప్పుడు.