తారు రోడ్డు కన్నా గరిక నేల మేలు

2022 నోటిఫికేషన్ ప్రకారం పోలీసు కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. అందుకే వరికుంటపాడు వైపు పిల్లలు తెల్లవారకముందే తారు రోడ్డెక్కుతారు. గట్టి నేల మీద ఒక్కసారిగా దూరం పెంచితే మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి పుడుతుంది. ఓర్చుకుని అలాగే పరుగెత్తితే ఎముక సన్నగా చిట్లవచ్చు కూడా.

పచ్చిక మీద పాదానికి తగిలే ఒత్తిడి తక్కువ. అయితే గడ్డితోనే అన్నీ తీరిపోతాయని మేము చెప్పము. నేల మెత్తనైతే కాళ్లు ఆ మేరకు బిగుసుకుంటాయి కనుక లాభం అనుకున్నంత ఉండదు. గడ్డిలో గుంట కనబడకపోతే చీలమండ బెణుకుతుంది. మన మెట్ట నేలల్లో పల్లేరుకాయల సంగతి చెప్పనే అక్కరలేదు! వేగమూ తగ్గుతుంది, వారానికొకరోజు గట్టి నేల మీద టైము చూసుకోవాలి.

పిల్లలకు బూట్లు కొనిస్తామనే దాతలకు మా మనవి ఒకటే: ముందు నేల చూపిద్దాం. అక్టోబరు, నవంబరు వానలకు గరిక దానంతటదే లేస్తుంది. గుంటలు పూడ్చి, రాళ్లూ ముళ్లూ ఏరి, 400 మీటర్ల చుట్టు కొలిచి సున్నం గీత గీస్తే నాలుగు చుట్లకు 1600 అవుతుంది. లారీల భయం ఉండదు. ట్రాక్టరో, నీళ్ల ట్యాంకరో ఉన్నవారు డబ్బే ఇవ్వనక్కరలేదు, ఒక పూట బండి పంపినా చాలు.