ఇద్దరికి ఏడు రోజులు: బార్సెలోనా

మన ఇళ్లలో ప్రయాణమంటే పదిమందితో కూడిన పని. తిరుపతి వెడితే అత్తగారు, మామగారు, పిల్లలు, పక్కింటి పిన్నిగారు, పులిహోర కారేజీ అన్నీ కలిసే బయలుదేరుతాయి. భార్యాభర్తలిద్దరే వెళ్లి ఒక పరాయి వూళ్లో వారం రోజులు వుండి రావడమన్నది మన మధ్యతరగతి వాళ్లకు కొత్త ముచ్చటే. పెళ్లయిన కొత్తలో కుదరనివారికి, పిల్లలు చదువులకనీ వుద్యోగాలకనీ ఎగిరిపోయాక ఆ కోరిక తీరే వేళ వస్తున్నది. తీరా ఆ వేళ వచ్చాక చాలామంది చేసేదేమిటి? ఏడు రోజుల్లో నాలుగు దేశాలు చూపిస్తామన్న యాత్రకు డబ్బు కట్టి, తెల్లవారుజామున లేచి, బస్సు కిటికీలోంచి ఐరోపా ఖండాన్ని చూసి, మోకాళ్ల నొప్పులతోనూ ఒకరి మీద ఒకరికి కాస్త విసుగుతోనూ ఇల్లు చేరుకుంటారు.

పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. ఆ మాట నమ్మి వారానికి ఒకే వూరు పెట్టుకుంటే ఎలా వుంటుందో చూద్దాం. మధ్యధరా సముద్రపు ఒడ్డున, స్పెయిన్ దేశానికి ఈశాన్య మూలన వున్న బార్సెలోనా ఇందుకు తగిన వూరు. ఒకవైపు సముద్రం, వెనుక కొండలు, మధ్య రోమనుల నాటి పాతవూరు, దాన్ని చుట్టుకుని చెట్ల నీడన నడవదగిన కొత్తవూరు. ఇద్దరి అభిరుచులు వేరయినా ఇద్దరికీ సరిపడేవి నడక దూరంలోనే దొరుకుతాయి.

ఎప్పుడు వెళ్లాలి?

ఆగస్టు వద్దు. ఎండా వుక్కా ఎక్కువ. వూరివాళ్లే సెలవులకు పోతారు గనుక చిన్న చిన్న దుకాణాలు చాలా మూసివుంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు గాని, సెప్టెంబరు చివర గాని, అక్టోబరులో గాని హాయిగా వుంటుంది.

ఏప్రిల్ 23 నాటికి అక్కడ వుండగలిగితే దంపతులకు అంతకంటె మంచిరోజు లేదు. అది సాంత్ జోర్ది పండుగ. ఆనాడు మగవాడు తనకు ప్రియమైన స్త్రీకి గులాబీ ఇవ్వడం, ఆవిడ అతనికి పుస్తకం ఇవ్వడం ఆచారం. ఇప్పుడు ఎవరు ఎవరికి ఏదయినా ఇస్తారు. వీధులన్నీ గులాబీల దుకాణాలు, పుస్తకాల దుకాణాలు. ప్రపంచ పుస్తక దినంగా యునెస్కో 1995లో ప్రకటించింది ఈ తేదీనే. పువ్వునూ పుస్తకాన్నీ ఒకే తక్కెడలో తూచే పండుగ మనకు కూడా ఒకటుంటే బాగుండునని తెలుగు మేష్టర్లకు అనిపించకపోదు.

వీసా సంగతి ముందే చూసుకోవాలి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు; పదిహేను రోజుల లోపు మిగిలివుండగా పెట్టుకుంటే తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు బీమా చూపాలి. కాగితాల పని ఒక్కరి నెత్తిన పెట్టకుండా ఇద్దరూ పంచుకుంటే, ప్రయాణానికి ముందే సగం తగాదాలు తప్పుతాయి.

ఎక్కడ దిగాలి?

ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఆ వూరివాళ్లకు ఇదే అన్నిటికంటె పెద్ద ప్రశ్న. పదహారు పదిహేడు లక్షల మంది కాపురముంటున్న వూరికి ఏటా కోటికి మించి యాత్రికులు వచ్చి మకాం వేస్తారు. వీళ్ల కోసం కాపురాల ఇళ్లు రోజువారీ అద్దెల ఇళ్లయిపోయాయి. పదేళ్లలో ఇంటి అద్దెలు 68 శాతం పెరిగాయని నగర మేయరే 2024లో చెప్పి, యాత్రికుల కిచ్చే 10,101 ఇళ్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని ప్రకటించారు. ఆ జూలైలో జనం వీధుల్లోకి వచ్చి, హోటళ్ల ముందు కూర్చుని తింటున్న యాత్రికుల మీద పిల్లల ఆట తుపాకులతో నీళ్లు చల్లారు. నీళ్లే గాని, వాటి వెనుక కడుపుమంట వుంది.

ఇంకో సంగతి చెపితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. గ్వెల్ పార్కు అనే ప్రసిద్ధమైన తోట వున్న కొండపేటలో 116 నెంబరు చిన్నబస్సు ఒకటి తిరుగుతుంది. యాత్రికులంతా అదే ఎక్కుతుండడంతో, కూరల సంచులు పట్టుకున్న అక్కడి ముసలివాళ్లకు చోటు దొరక్కుండా పోయింది. చివరికి 2024లో నగరపాలకులు గూగుల్ పటాల్లోంచి ఆ బస్సు దారినే తీసివేయించారు!

ఇదంతా ఎందుకు చెపుతున్నానంటే, మనం అక్కడికి వెళ్లేది ఇద్దరం కలిసి హాయిగా వుండడానికి. కొత్తగా పెళ్లయిన ఒక జంట కాపురం పెట్టుకోవలసిన గదిని మన వారం హాయికోసం ఆక్రమించడం న్యాయం కాదు గదా! హోటల్లో గాని, ఇంటివారే నడిపే చిన్న బసలో గాని దిగడం మంచిది. పాతవూరి ఇరుకుసందుల్లో రాత్రి గోల ఎక్కువ. కొత్తవూరయిన ఎషాంప్ల పేట అనుకూలం. 1854లో పాత కోటగోడలు పడగొట్టడం మొదలయ్యాక, ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు గీసిన పథకం 1859లో మంజూరయింది. పక్కకు 113 మీటర్ల చదరాలు, ప్రతి చదరానికీ మూలలు కోసివేత. ఆ మూలల వల్ల ప్రతి కూడలీ ఒక చిన్న మైదానంలా వెలుతురుగా వుంటుంది. దారి తప్పుదామన్నా తప్పడం కష్టం.

రోజుకు ఒకటే

ఇక అసలు పథకం. సూత్రం ఒక్కటే: రోజుకు ఒక్క దానికే టిక్కెట్టు. మిగిలిన పూట ఖాళీ. శనివారం దిగారనుకుందాం.

శనివారం ఏమీ వద్దు. వేసవి కాలంలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటలు తేడా, చలికాలంలో నాలుగున్నర. స్నానం చేసి, సాయంత్రం బస చుట్టూ రెండు వీధులు నడిచి, మంచినీళ్ల దుకాణం, మందుల దుకాణం, మెట్రో మెట్లు ఎక్కడున్నాయో చూసుకుంటే చాలు. మెట్రో కార్డు కొనేటప్పుడు ఇద్దరు పంచుకునేదా, ఒక్కరికే చెల్లేదా అని అడిగి కొనాలి. రెండు రకాలూ వున్నాయి.

ఆదివారం బజార్లు మూసివుంటాయి. కాని సాంత్ అంతోని బజారు దగ్గర ఆదివారం ఉదయం పాతపుస్తకాల సంత జరుగుతుంది. భాష రాకపోయినా పాతపుస్తకాల వాసన అన్ని దేశాల్లోనూ ఒకటే. సాయంత్రం సముద్రపు ఒడ్డు. ఇసుకమీద చాలా భాగం 1992 ఒలింపిక్సుకోసం, ఫ్యాక్టరీలూ రైలుపట్టాలూ తొలగించి తయారుచేసిందంటే నమ్మబుద్ధి కాదు.

సోమవారం సగ్రద ఫమీలియా చర్చి. 1882లో పునాది వేశారు. మరునాటి ఏడు ఆంతోని గౌడీ చేతికి వచ్చింది. నలభై మూడేళ్లు దానిమీద పనిచేసి, 1926 జూన్ 7న ట్రాము తగిలి పడిపోయాడు. బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకుని బీదల ఆసుపత్రికి చేర్చారు. మూడురోజులకు పోయాడు. ఆ చర్చి అడుగునే సమాధి చేశారు. భక్తులూ యాత్రికులూ ఇచ్చే డబ్బుతోనే కడుతూ వచ్చిన ఆ కట్టడం, 2025 అక్టోబరులో జర్మనీలోని ఉల్మ్ చర్చిని మించి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అయింది. టిక్కెట్టు వేళతో సహా ముందే కొనుక్కోవాలి. ఉదయం వెడితే తూర్పు కిటికీల నీలం, పచ్చ రంగులు నేలమీద పడతాయి. సాయంత్రం వెడితే పడమటి కిటికీల ఎరుపు, నారింజ. ఏ రంగు కావాలో ఇంటిదగ్గరే ఇద్దరూ తేల్చుకోవచ్చు.

మంగళవారం పాతవూరు. సాంత మరియా దెల్ మార్ అనే చర్చిని 1329 నుంచి 1383 వరకు కట్టారు. రాజులు కాదు, రేవులో బరువులు మోసే హమాలీలు మొంజుయిక్ కొండనుంచి రాళ్లు వీపున మోసుకువచ్చారు. చర్చి తలుపులమీద ఆ హమాలీల బొమ్మలున్నాయి. గుడి తలుపుమీద కూలివాడి బొమ్మ ఎన్నిచోట్ల చూస్తాం? అక్కడికి కొద్దిదూరంలో సాంత్ ఫెలిప్ నేరి అనే చిన్న చావడి వుంది. నడుమ ఒక ఫౌంటెను, చుట్టూ నిశ్శబ్దం. ఎదుటి చర్చి గోడనిండా గుంటలు. అంతర్యుద్ధంలో, 1938 జనవరి 30న ఇక్కడ బాంబులు పడి 42 మంది చనిపోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలు. ఆ గుంటలను పూడ్చకుండా అలాగే వుంచారు. అక్కడ ఫొటోలు తీసుకోవడం మాని కాసేపు వూరికే నిలబడితే మంచిది.

ఒక పూట విడివిడిగా

బుధవారం ఉదయం ఇద్దరూ విడివిడిగా వెళ్లాలని నా సలహా. శ్రీమతులూ శ్రీవారులూ కంగారు పడనక్కర్లేదు. వారం పొడుగునా ఒకరినొకరు అంటిపెట్టుకు తిరిగితే, నాలుగోరోజుకు ఒకరి ఇష్టం రెండోవారికి బరువవుతుంది. ఒకరు పికాసో మ్యూజియంకు వెళ్లవచ్చు. పికాసో 1895లో, పద్నాలుగేళ్లు నిండకుండానే ఈ వూరు చేరాడు. 1963లో తెరిచిన ఆ మ్యూజియంలో, వెలాస్కెత్ గీసిన ఒకే ఒక చిత్రాన్ని మనసులో పెట్టుకుని పికాసో వేసిన 58 చిత్రాల వరుస వుంది. సోమవారాలు దానికి సెలవు; అందుకే బుధవారానికి పెట్టాను. రెండోవారు గ్రాసియా పేట చావళ్లలో బల్లమీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూడవచ్చు, లేదా బజారులో కూరగాయలు చూడవచ్చు. రెండు గంటలకు భోజనం దగ్గర కలుసుకుంటే, ఒకరికొకరు చెప్పుకోవడానికి కొత్త కబుర్లుంటాయి. ఇరవయ్యేళ్ల కాపురంలో కొత్త కబురు తక్కువ సంపదా?

రెండు గంటలన్నది ఊరికే అనలేదు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదికి. పన్నెండింటికి ఆకలి వేసే మనవాళ్లు చేతిలో నాలుగు బిస్కట్లు వుంచుకోవాలి. పనిదినాల్లో మధ్యాహ్నం ఒకే ధరకు పూర్తి భోజనం పెడతారు, రాత్రికంటె చవక.

శాకాహారులు పస్తుండనక్కర్లేదు. రొట్టెమీద టమాటా రుద్ది ఆలివునూనె పోసే ‘పా అంబ్ తొమాకెట్’ ప్రతిచోటా వుంటుంది. ‘ఎస్కలివాద’ అంటే నిప్పులమీద కాల్చి పొట్టు తీసిన వంకాయలూ, పెద్దమిరపకాయలూ. వాసన మన కాల్చిన వంకాయ పచ్చడిదే. చింతపండూ కారమూ మాత్రం వుండవు. దానిమీద ఒక్కొక్కచోట చేపముక్క పెడతారు గనుక, ‘సెన్స కార్న్, సెన్స పెష్’ అని ముందే చెప్పాలి. మాంసం లేకుండా, చేప లేకుండా అని దాని అర్థం.

ఇది కటలాన్ భాష. స్పానిషుకు యాస కాదు, వేరే భాష. ఫ్రాంకో పాలించిన 1939–75 మధ్య బడుల్లోంచీ, కచేరీల్లోంచీ దాన్ని వెళ్లగొట్టారు. జనం ఇళ్లలో మాట్లాడి బతికించుకున్నారు. 1979లో మళ్లీ అధికార భాష అయింది. పొద్దున్నే దుకాణంలో ‘బొన్ దియా’ అని పలకరించి, పోయేటప్పుడు ‘గ్రాసియెస్’ అంటే, కసురుకునే మొహం కూడా విప్పారుతుంది. సొంతభాష విలువ తెలిసిన మనకు ఆ రెండు మాటలు నేర్చుకోవడం బరువేమీ కాదు.

మిగిలిన రెండు రోజులు

గురువారం మొంసెరాత్. సుమారు 50 కిలోమీటర్లు. ఎస్పాన్య కూడలినుంచి రైలు, ఆ తర్వాత కొండెక్కే పళ్లచక్రాల రైలు. రంపపు పళ్లలాంటి కొండల మధ్య 1025లో వెలసిన మఠం. అందులో నల్లని మేరీమాత. మెట్లు, క్యూలు, పైనుంచి లోయ చూసి దణ్ణం పెట్టుకునే ముసలమ్మలు. మనవాళ్లకు ఇదేదో చూసిన చోటే అనిపిస్తుంది.

శుక్రవారం పగలంతా ఏమీ వద్దు. రెండురోజులు అటూఇటూ అయినా ఈ ఒక్కరోజు ఖాళీ మాత్రం పోగొట్టుకోవద్దు. సాయంత్రానికి పలావ్ దె లా మూజిక అనే సంగీత మందిరంలో ఏదో ఒక కచేరీకి టిక్కెట్టు తీసుకోండి. 1905–08 మధ్య కట్టిన ఆ మందిరానికి పైకప్పునుంచి రంగుల అద్దాల గోపురం తలకిందులుగా వేలాడుతుంది. పగటి కచేరీ అయితే ఎండే దీపం.

జాగ్రత్తలు రెండే. రాంబ్లా వీధిలోనూ మెట్రోలోనూ జేబుదొంగలెక్కువ. పాసుపోర్టులు బసలో భద్రం చేసి నకలు దగ్గర వుంచుకోండి. డబ్బు ఇద్దరి దగ్గరా సగం సగం వుండాలి. సంచీ పోతే సగమే పోతుంది, నిందా సగమే పడుతుంది.

భోజనం ముగిశాక వెంటనే లేవకుండా బల్లచుట్టూ కూర్చుని కబుర్లాడే వేళకు కటలాన్‌లో ఒక పేరుంది, ‘సొబ్రతౌల’ అని. బిల్లు మీరు అడిగేదాకా ఎవరూ తేరు, లేవమని ఎవరూ అనరు. చూడవలసిన వాటి పట్టికలో ఇంకా పది మిగిలివుండగానే, “ఏమండీ, ఇవాళ్టికి చాలు, ఇక్కడే కూర్చుందామా?” అని ఆవిడ అంటే, గడియారం చూడకుండా “సరే” అనండి.