మజిలీ మజిలీకీ నీళ్లు: జుబైదా బాటలో మన అడుగులు

ఖఫ్జీలో ఉండే తెలుగువాళ్లను సెలవు రోజులు ఎలా గడుస్తాయని అడిగి చూడండి. సముద్రపు ఒడ్డున కాసేపు షికారు, సరుకులకు జుబైలో దమ్మామో ఒక ట్రిప్పు, ఎవరో ఒకరింట్లో బిర్యానీ. అంతే! కువైట్ సరిహద్దుకు కూతవేటు దూరంలో, 1960లో ఒక జపాన్ కంపెనీ సముద్రం అడుగున చమురు కనుగొన్న తర్వాత పెరిగిన ఊరు ఇది. తూర్పున సముద్రం, మిగతా అంతా ఎడారి. పదమూడేళ్లుగా ఇక్కడ చమురు పరిశ్రమలో మెయింటెనెన్స్ పనిలో ఉన్న నాకు ఆ ఎడారి కారు అద్దంలోంచి చూసేదే తప్ప కాలు పెట్టేది కాదు. మూడేళ్ల క్రితం ఆ కారు దిగి నడవడం మొదలుపెట్టాం.

మేమంటే ఆరుగురం. నేను, మా ఆవిడ, నిజామాబాద్ నుంచి వచ్చిన దంపతులు, భీమవరం ఇంజినీరు ఒకరు, మేమంతా 'భాయ్' అని పిలుచుకునే కర్నూలు మిత్రుడు. నడిచేది దర్బ్ జుబైదా మీద. అంటే 'జుబైదా బాట'. ఇరాక్‌లోని కూఫా నుంచి మక్కా వరకు సుమారు 1,400 కిలోమీటర్లు సాగే పాత హజ్ యాత్రికుల దారి. ఒక్క ఊపులో నడవాలంటే నెలల సెలవు కావాలి. మనబోటి ఉద్యోగులకు అది కుదిరే పని కాదు. అందుకే ముక్కలు ముక్కలుగా నడుస్తున్నాం. ఈసారి ఎక్కడ ఆగామో, వచ్చేసారి అక్కణ్నుంచే మొదలు.

కాశీ మజిలీల్లాగే

ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' విననివారు ఎవరుంటారు? మజిలీకో కథ చెప్పుకుంటూ సాగే ప్రయాణం అది. ఏనుగుల వీరాస్వామయ్య గారైతే 1830 మేలో మద్రాసులో బయలుదేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ ఊళ్లో దిగారు, అక్కడ నీటి వసతి ఎలా ఉంది, సరుకులు దొరికాయా లేదా అన్నీ రాసి పెట్టారు. దూరప్రయాణం అంటే దూరం కాదు, మజిలీలు అని ఆయనకు బాగా తెలుసు.

ఆ సంగతి ఆయనకంటే వెయ్యేళ్ల ముందే తెలిసిన మహారాణి జుబైదా. ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య. 831లో కన్నుమూశారు. దారి అంతకు ముందూ ఉన్నదే. కానీ ఆవిడ సొంత డబ్బుతో బావులు, నీటి తొట్లు, విశ్రాంతి మందిరాలు కట్టించడంతో ఆ పేరే నిలిచిపోయింది. దారి పొడవునా 27 పెద్ద మజిలీలు, వాటి మధ్య మరో 27 చిన్న మజిలీలు ఉండేవంటారు. 1,400ను 54తో భాగించి చూడండి. సుమారు 26 కిలోమీటర్లు. మనిషి ఒక పగలు నడవగల దూరం! అంటే యాత్రికుడు ఉదయం నీళ్ల దగ్గర బయలుదేరి, సాయంత్రానికి మళ్లీ నీళ్ల దగ్గరికి చేరాలన్నది లెక్క. మన ఊళ్లలో ఎండాకాలం పెట్టే చలివేంద్రాన్ని 1,400 కిలోమీటర్ల పొడవున, ఏడాదంతా నడిపినట్టు. 1184లో ఈ దారిన వెళ్లిన స్పెయిన్ యాత్రికుడు ఇబ్న్ జుబైర్ ఆవిడ పుణ్యాన్ని తలచుకుని రాశాడు. 1326లో ఇబ్న్ బతూతా కూడా ఇదే దారి పట్టాడు.

రఫ్హా దాకా కారు, తర్వాత కాళ్లు

ఖఫ్జీ నుంచి హఫర్ అల్ బాతిన్ మీదుగా రఫ్హా చేరడానికి 550 కిలోమీటర్లకు పైనే. వారాంతానికి ఒక రోజు సెలవు కలుపుకుని, డ్యూటీ దిగగానే బయలుదేరి, రాత్రికి హఫర్‌లో పడుకుంటాం. అక్కణ్నుంచి రోడ్డు పాత ట్యాప్‌లైన్ పక్కనే పోతుంది. సౌదీ చమురును లెబనాన్‌లోని సైదా రేవుకు చేర్చడానికి 1950లో పూర్తయిన 1,200 కిలోమీటర్ల పైపు లైను అది. రఫ్హా, అరార్, తురైఫ్ పట్టణాలు దాని పంపింగ్ స్టేషన్ల చుట్టూ పెరిగినవే. కంపెనీ తవ్విన బావుల దగ్గరికి బెదూయిన్లు మందలు తోలుకొచ్చారు, జనం స్థిరపడ్డారు. జుబైదా కాలమైనా, చమురు కాలమైనా ఎడారిలో ఊరు వెలిసేది నీళ్లున్నచోటే.

రఫ్హాకు దక్షిణాన ఉన్న జుబాలా దగ్గర మా నడక మొదలైంది. మొదటిసారి పాత తొట్టి ('బిర్కా' అంటారు) అంచున నిలబడినప్పుడు మా ఆవిడ అన్న మాట, "ఇది మన కోనేరే కదండీ!" నిజమే. నాలుగు పక్కలా రాతి గోడ, లోపలికి దిగే మెట్లు. వాన పడినప్పుడు వాగులో వచ్చే నీటిని అడ్డుగోడలతో మళ్లించి, ముందు ఒక చిన్న తొట్టిలోకి వదులుతారు. బురద, ఇసుక అక్కడే దిగిపోతాయి. తేరిన నీళ్లు పెద్ద తొట్టిలోకి చేరతాయి. కొన్ని చతురస్రం, కొన్ని గుండ్రం. పంపు లేదు, మోటారు లేదు. నేల వాలును చదివిన మేస్త్రీ పనితనమే అంతా. రామప్ప, పాకాల చెరువులు చూసినవాళ్లకు ఆ తెలివి విడమరిచి చెప్పక్కర్లేదు.

మూడు శీతాకాలాల్లో తొమ్మిది విడతలు, 216 కిలోమీటర్లు నడిచాం. మొత్తం దారిలో ఏడో వంతుకు కాస్త ఎక్కువ. ఈ లెక్కన పూర్తయ్యేసరికి మేమంతా రిటైరవుతాం!

"ఇట్ల నడిస్తే ఎంతిస్తారన్నా?"

పోయిన జనవరిలో ఎనిమిదో విడత. రాళ్ల మైదానంలో గొర్రెల మంద, దూరంగా ఒక గుడారం, నీళ్ల ట్యాంకరు. మా మాటలు విని కాపరి పరుగున వచ్చాడు. "అన్నా, తెలుగోళ్లేనా?" రాయచోటి వైపు మనిషి. ఎదురుగా నిలబడి తెలుగు మాట్లాడిన మనిషిని చూసి నాలుగు నెలలైందట. మా వీపున సంచులు, చేతికర్రలు చూసి అడిగాడు: "ఇట్ల నడిస్తే మీకు ఎంతిస్తారన్నా?"

ఎవరూ ఏమీ ఇవ్వరని, సెలవు పెట్టి, పెట్రోలు పోసుకుని సరదాకి నడుస్తున్నామని చెబితే ముందు నమ్మలేదు. తర్వాత నవ్వాడు. "నేను దినామూ ఇంతే నడుస్తా, గొర్రెల ఎనకాల" అన్నాడు. మా ఆవిడ పులిహోర పెట్టింది. పెరుగన్నం మాత్రం డబ్బాతో సహా దాచుకున్నాడు, రాత్రికి.

డ్రైవరు పని అని చెప్పి పంపారట. దిగాక చేతికి కర్ర ఇచ్చారు. ఇఖామా గడువు తీరి ఏడాది. జీతం ఐదు నెలలది బాకీ. మా బృందంలో కుర్రవాడైన భీమవరం ఇంజినీరు ఆవేశపడి, "కారెక్కించి తీసుకెళ్లిపోదాం" అన్నాడు. భాయ్ ఆపాడు. ఆయన చెప్పింది ప్రతి గల్ఫ్ తెలుగువాడూ గుర్తుంచుకోవాల్సిన మాట: అలా తీసుకెళితే యజమాని 'హురూబ్', అంటే పారిపోయాడని ఫిర్యాదు ఇస్తాడు. బాధితుడే నేరస్థుడవుతాడు. తీసుకెళ్లినవాళ్ల మీదా కేసు పడుతుంది.

అందుకని ఆయన ఒప్పుకున్నాకే పాస్‌పోర్టు జిరాక్సును ఫొటో తీసుకున్నాం. గుడారం ఉన్నచోటు జీపీఎస్ అంకెలు, ఇంటివాళ్ల నంబరు రాసుకున్నాం. ఖఫ్జీ వచ్చాక ఒక సామాజిక కార్యకర్త ద్వారా రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి అర్జీ పెట్టాం. బాకీ జీతంలో కొంత వచ్చింది. ఇంటికి వెళ్లే కాగితం ఇది రాసేనాటికి ఇంకా రాలేదు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం ఉద్యోగం మారడాన్ని, దేశం విడిచి వెళ్లడాన్ని సులభం చేస్తూ తెచ్చిన సంస్కరణలు కాపరులకు, ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు వర్తించవు. అందుకే వాళ్ల దారి ఇంత నెమ్మది.

ఆరోజు నుంచి మా నడకలో ఒక అలవాటు చేరింది. ప్రతి విడతకూ రెండు పవర్ బ్యాంకులు, ఒక రీచార్జి కార్డు, రాయబార కార్యాలయం హెల్ప్‌లైన్ నంబరు తెలుగులో రాసిన కాగితాలు అదనంగా పట్టుకెళతాం. గుడారం కనిపిస్తే సలాం చెప్పి పలకరిస్తాం. ఎడారిలో నడిచే తెలుగువాళ్లలో సరదాకి నడిచేవాళ్లం మేమే తక్కువ.

నడవాలనుకునేవారికి

2024 ఆగస్టులో కరీంనగర్ యువకుడొకరు, తోటి ఉద్యోగితో కలిసి రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పారు. జీపీఎస్ పనిచేయలేదు, ఫోను చార్జింగ్ పోయింది, పెట్రోలు, నీళ్లు అయిపోయాయి. ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఎడారి సరదా కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కాబట్టి మేం పాటించే నియమాలు ఇవి:

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే నడక. అప్పుడు కూడా ఉత్తర ఎడారిలో రాత్రి చలి సున్నా దగ్గరికి వస్తుంది, దుప్పట్లు గట్టివి కావాలి. రెండు కార్లు తప్పనిసరి. ఒకటి బయలుదేరే చోట, ఒకటి చేరే చోట. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు, రెండు కార్లలోనూ ఇంకో రెండు రోజులకు సరిపడా నిల్వ. మ్యాపులు ఫోన్‌లో ముందే దించుకోవాలి, కాగితం మీదా ఉండాలి. ఖఫ్జీలో ఇంటి దగ్గర ఒకరికి మన దారి, తిరిగొచ్చే గంట రాసిచ్చి వెళ్లాలి. ఆ గంట దాటితే ఆలోచించకుండా అధికారులకు ఫోన్ చేయమని చెప్పాలి.

వాగులో గుడారం వేయొద్దు. ఎక్కడో కురిసిన వాన అర్ధరాత్రి మీ మీదికి రావచ్చు. పాత తొట్లలో నీళ్లు కనిపించినా తాగొద్దు. పెంకు ముక్క కూడా జేబులో వేసుకోవద్దు, పురావస్తు చట్టం కఠినం. ఈ దారిలో కొన్ని భాగాలు రాయల్ రిజర్వు అభయారణ్యాల్లో ఉన్నాయి, ఇరాక్ సరిహద్దు కూడా దగ్గరే. ఏ భాగానికి అనుమతి కావాలో కనుక్కున్నాకే కదలాలి. ఇక మన ఖఫ్జీ 1991 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 1 వరకు యుద్ధభూమి. ఊరి చుట్టుపక్కల ఇసుకలో తెలియని ఇనుప వస్తువు కనిపిస్తే, పిల్లలతో సహా ఎవరూ ముట్టుకోవద్దు.

వచ్చే నవంబరులో పదో విడత. ఫైద్ వైపు సాగాలని ప్రణాళిక. కూఫాకు, మక్కాకు ఇంచుమించు మధ్యన ఉన్న పెద్ద మజిలీ అది. యాత్రికులు అదనపు సామాను అక్కడ దాచుకుని, తిరుగు ప్రయాణంలో తీసుకునేవారట. ఆ తర్వాత ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. ఒకటి మాత్రం తెలుసు. మక్కా పొలిమేరలు దాటి ముస్లిమేతరులు వెళ్లడానికి లేదు. మా ఐదుగురి నడక అక్కడితో ఆగుతుంది. చివరి మజిలీ భాయ్ ఒక్కడిదే. ఆ రోజుకు ఆయన సీసాలో నీళ్లు నింపి ఇచ్చే పని ఎవరిదన్నదాని మీద ఇప్పటి నుంచే మా ఇళ్లలో పోటీ నడుస్తోంది.