ఇంటి జనము - ఇంటి లేమి

పేదవాడెవడు అను ప్రశ్నకు గణకులు చెప్పు సమాధానము మనిషిని గూర్చినది కాదు, ఇంటిని గూర్చినది. జాతీయ నమూనా సర్వే 1950లో ఆరంభమైన నాటినుండి మన దేశములో ఈ లెక్కకు ప్రమాణము కుటుంబమే. వారి దృష్టిలో కుటుంబమనగా రక్తసంబంధము కాదు. ఒక పొయ్యి మీద వండినది తిని, ఒక ఇంట నివసించు వారందరు ఒక కుటుంబము. అన్నదమ్ములు ఒకే పెరటిలో నున్నను పొయ్యిలు వేరైనచో అవి రెండు కుటుంబములు. పాలేరు యజమాని ఇంటనే తిని, అక్కడనే పడుకొనుచున్నచో అతడును ఆ కుటుంబములోని వాడే.

ఆ ఇంటి నెల ఖర్చునంతయు కూడి, ఇంటనున్న తలలతో భాగింతురు. వచ్చినది తలసరి వ్యయము. టెండూల్కర్ సంఘము పద్ధతి ననుసరించి 2011-12లో పల్లెలకు నెలకు 816 రూపాయలు, పట్టణములకు 1,000 రూపాయలు గీతగా నిర్ణయించిరి. ఆ గీతకు దిగువనున్నవారు దేశ జనాభాలో 21.9 శాతము. రంగరాజన్ సంఘము 2014లో గీతను 972, 1,407 రూపాయలకు జరుపగా, అదే సంవత్సరమునకు పేదలు 29.5 శాతమైరి. గీత ఎక్కడ గీయవలెనను వాదము విని విని శ్రోతలు విసిగియుందురు. నేడు చెప్పదలచినది గీతను గురించి కాదు, ఆ భాగహారమును గురించి.

ఒక ఇల్లు ఎల్లకాలము ఒకే తీరున ఉండదు. ఇంగ్లండులో సీబోమ్ రౌంట్రీ యనునతడు 1899లో యార్కు నగరపు కూలివారి ఇండ్లను పరిశీలించి, 1901లో ఒక గ్రంథము వెలువరించెను. కూలివాని జీవితములో లేమియు, కొంత కలిమియు ఒకదాని వెంట నొకటి వచ్చునని అతడు చూపెను. బాల్యమున లేమి; తాను సంపాదన మొదలిడినపుడు కొంత వెసులుబాటు; పెండ్లియై పిల్లలు కలిగినపుడు మరల లేమి; పిల్లలు పనిలో చేరినపుడు మరల వెసులుబాటు; వార్ధక్యమున తిరిగి లేమి. రష్యా దేశపు ఆర్థికవేత్త చయానోవ్ రైతు కుటుంబములను గూర్చి ఇట్టిదే చెప్పెను: ఇంట తిను నోళ్లెన్ని, పనిచేయు చేతులెన్ని అను నిష్పత్తియే ఆ ఇంటి శ్రమను, సుఖమును నిర్ణయించును.

మన పల్లెలో ఈ లెక్క వేయుట కష్టము కాదు. భార్యాభర్తలిద్దరు కూలికి పోవుదురు, ముగ్గురు పసివారు, ఒక ముదుసలి తల్లి. ఇద్దరి రెక్కల మీద ఆరుగురు. పదునైదేండ్ల తరువాత ముసలమ్మ గతించును, కూతురు అత్తవారింటికి పోవును, కొడుకులిద్దరు పనిలో చేరుదురు. నలుగురి రెక్కల మీద నలుగురే. కూలి రేటు పైసా పెరుగకపోయినను ఆ ఇల్లు గీతను దాటవచ్చును. దానిని చూచి అభివృద్ధి అనుటయు, ఆరుగురున్ననాటి ఇంటిని చూచి సోమరితనమనుటయు రెండును తొందరపాటు మాటలే.

పిల్లలెక్కువ అగుటచేత బీదలైరా, బీదలగుటచేత పిల్లలెక్కువైరా? 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది; పిమ్మట వచ్చిన గోడల మీది ఎర్ర త్రికోణము మొదటి మాటనే చెప్పుచు వచ్చినది. పల్లెవారు ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్నచో, చదువుకొన్నవారు దానిని మూఢవిశ్వాసముగా తీసివేసిరి. కాని 1971లో దేశమున పుట్టిన ప్రతి వేయి మంది శిశువులలో 129 మంది ఏడాది నిండకముందే కన్నుమూయుచుండిరి. ఎనిమిది కాన్పులకు ఒక శిశువు చొప్పున పోవు కాలములో, పింఛను లేని ముసలితనమునకు కొడుకే ఆధారమైన ఇంట, ఇద్దరితో ఆగుట ధైర్యము గలవారి పని. ఆ మరణములు 2020 నాటికి వేయికి 28కి దిగినవి. స్త్రీ సగటున కను పిల్లల సంఖ్యయు 1992-93లో 3.4 నుండి 2019-21లో 2.0కు దిగినది. ఆ చివరి సర్వేలో బీహారున 3.0 ఉండగా, తెలంగాణమున 1.8, ఆంధ్రప్రదేశమున 1.7.

ఈ తగ్గుదల భారమును మోసినవారెవరో చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో పదింట ఏడుగురు శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషులు నూటికి ఒకరైనను లేరు!

ఇల్లు చిన్నదైనంత మాత్రమున లేమి తొలగునా? కొంత తొలగును. కాని ఇల్లు చిన్నదగుటతోపాటు పొలమును చిన్నదైనది. దేశమున సగటు కమతము 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16లో 1.08 హెక్టార్లు. అనిరుధ్ కృష్ణ యను పరిశోధకుడు మన ఆంధ్రలోని 36 గ్రామములలో కుటుంబములు లేమిలోనికి జారుటకు, లేమినుండి బయటపడుటకు గల కారణములను విచారించి 2006లో ప్రకటించెను. క్రిందికి లాగు వానిలో అనారోగ్యము, వైద్యపు ఖర్చు ముందు వరుసలో నిలిచినవి. పదిమంది ఉన్న ఇంట ఒకడు మంచమెక్కినచో తొమ్మిదిమంది మిగులుదురు. ఇద్దరే సంపాదించు ఇంట ఒకడు పడినచో రెండవవాడు రోగిని చూచునా, కూలికి పోవునా?

ఇక భాగహారములోని చిక్కు. ఐదుగురున్న ఇంట నెలకు 5,000 రూపాయల ఖర్చు, ప్రక్క గుడిసెలో ఒంటరి వితంతువునకు 1,100 రూపాయలు అనుకొందము. తలసరి చూచినచో ఆ ఇంట 1,000, ఈమెకు 1,100. వితంతువే మెరుగని లెక్క తేల్చును! కాని ఐదుగురకు దీపమొకటే, కప్పు ఒకటే, పొయ్యి క్రింది మంట ఒకటే. ఒంటరిదానికి ఇవన్నియు తన ఒక్కదాని మీదనే. ఐదుగురి జీవనమునకు ఒకరి ఖర్చునకు ఐదు రెట్లు కాక సుమారు 2.6 రెట్లే చాలునని భావించినచో, ఆ ఇంటివారు ఒక్కొక్కరు 1,900 రూపాయలతో ఒంటరిగా బ్రదుకు స్థితిలో నున్నట్లే. అపుడు వితంతువు అడుగునకు పోవును. 1997లో ద్రేజ్, శ్రీనివాసన్ గ్రామీణ భారతమును గూర్చి చూపినది ఇదే: తలసరి లెక్కలో స్త్రీలు పెద్దలుగా నున్న ఇండ్లు ఎక్కువ పేదవిగా కనబడవు; కలిసియుండుటలోని ఆదాను స్వల్పముగా లెక్కించినను, పేదవని తేలును. 1995లో లాంజో, రవాలియన్ పాకిస్తాను లెక్కలతో, ఈ ఆదా పైన చెప్పినంత ఉన్నచో పెద్ద ఇల్లే పేదదను సంబంధము మాయమగునని కనుగొనిరి.

అయితే దీపము పంచుకొనవచ్చును, ముద్ద పంచుకొనలేము. పేదల ఖర్చులో అధికభాగము తిండియే కనుక ఆదాను మరీ ఎక్కువగా ఎంచుటయు పొరపాటు. పిల్లల ఎదుగుదలనే కొలబద్దగా తీసికొన్నచో ఆదా ఏమియు కనబడకపోవచ్చునని ఆ పరిశోధకులే గుర్తించిరి. పైగా గణకుడు లెక్కించునది కుండను, కంచములను కాదు. అందరు తిన్న తరువాత అడుగుబొడుగు తిను ఇల్లాలికిని, ముందు తినిన మగనికిని ఒకే తలసరి. 2019-21 సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతమునకు రక్తహీనత యున్నట్లు తేలినది.

ఈ చర్చ పండితులకే అనుకొనవలదు. ఇది రేషను దుకాణము ముందటి విషయము. 2013 ఆహారభద్రతా చట్టము ప్రకారము ప్రాధాన్య కుటుంబములకు మనిషికి 5 కిలోల ధాన్యము. అంత్యోదయ కుటుంబములకు ఇంటికి 35 కిలోలు. అంత్యోదయ కార్డున్న ఒంటరి వృద్ధురాలికి 35 కిలోలు ఆధారము. అదే కార్డున్న ఎనిమిదిమంది ఇంట మనిషికి నాలుగున్నర కిలోలైన రాదు. ఆ చట్టమున అందరికన్న నిరుపేదలని గుర్తించినవారికి, ఇల్లు పెద్దదైనచో, ఇతర పేదలకన్న తక్కువ! 2005లో చేసిన గ్రామీణ ఉపాధి చట్టమును ఏడాదికి 100 దినముల పనిని ఇంటికే ఇచ్చినది. ఇంట పనిచేయువారు ఇద్దరైనను ఐదుగురైనను అంతే. వేరు పడినచో కార్డు వేరు, దినములు వేరు అని తెలిసినపుడు, పొయ్యిలు విడిపోవుటలో వింత యేమి?

1994 చట్టముచే ఆంధ్రప్రదేశమున ఇద్దరికన్న ఎక్కువ సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలబడుటకు అనర్హులైరి. 2024లో శాసనసభ ఆ నిబంధనను తొలగించినది. పిల్లలు తక్కువగుచున్నారన్న చింత అందుకు కారణము. తిను నోళ్లు ఇకమీదట పసివారివి కాక వృద్ధులవి కానున్నవి. కొడుకు హైదరాబాదులోనో గల్ఫు దేశములోనో ఉండగా, పల్లెలో ముసలివారిద్దరే ఒక పొయ్యి, తరువాత ఒక్కరే ఒక పొయ్యి. తలసరి పట్టికలో అట్టి ఇల్లు మందుల ఖర్చుతో సహా కలిగిన ఇల్లుగానే కనబడును. ఏలనన మందులకు పెట్టినదియు ఆ లెక్కలో వ్యయమే.