పిచ్చిమొక్కల పూలు, బతుకమ్మ కళ

ఎవరూ విత్తకుండా, నీరు పోయకుండా పెరిగే మొక్కలను మనము సాధారణంగా పిచ్చిమొక్కలని పిలుస్తాము. కోలారు జిల్లా వంటి మెట్ట ప్రాంతాలలో రోడ్ల పక్కన, ఖాళీ స్థలాలలో, చెరువు కట్టల మీద పసుపుపచ్చగా పూసే తంగేడు అటువంటిదే. కన్నడిగులు దీనిని ఆవరికె అనీ, తమిళులు ఆవారం అనీ అంటారు. చేలలో కలుపుగా మొలిచే గునుగు మరొకటి. తెలంగాణ స్త్రీల పూలకళ అయిన బతుకమ్మకు ఈ రెండే ప్రధాన ఆధారాలు.

భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది రోజులు ఈ పండుగ జరుగుతుంది. తాంబాళంలో ఆకులు పరచి, గునుగు కాడలను సమంగా కోసి, వలయాలుగా పేరుస్తారు. నడుమ నడుమ తంగేడు, బంతి పూల వరుసలు చేర్చి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలుపుతారు. గునుగు కంకి కాగితంలా పొడిగా ఉండి త్వరగా వాడదు. అందుచేతనే ఎత్తైన వరుసలు నిలుస్తాయి. తంగేడు సుకుమారమైనది, దానిని ఆనాడే కోసి వాడాలి. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. తంగేడు ఆ రాష్ట్ర పుష్పం. తమిళనాట పలుచోట్ల సంక్రాంతి వేళ ఇదే పూవును వేపాకుతో కలిపి ఇంటి చూరుకు కట్టుతారు. ఒకే మొక్క ఇరుగుపొరుగు భాషల వారి పండుగలను అలంకరిస్తున్నదన్నమాట.

అయితే ఈ పూలకు తోటలు లేవు. ఖాళీ స్థలమును పూర్తిగా చదును చేసినప్పుడు తంగేడు పోతుంది. దానితో పాటు పిల్లలకు పూలు ఏరి పేర్చడం నేర్పే అవకాశమూ పోతుంది. పిమ్మట బజారులో కొన్న బంతిపూలే మిగులుతాయి.

కావున పరిసరాలను శుభ్రపరచునపుడు మొక్కలను గుర్తించి తొలగించండి. చీలిన ఆకులతో, చిన్న తెల్లని పూలతో ఉండే వయ్యారిభామ చర్మవ్యాధులను, ఉబ్బసమును కలిగించగలదు. పూతకు రాకమునుపే చేతికి తొడుగు వేసికొని దానిని పెరికివేయాలి. తంగేడును మాత్రం వేరుతో పెకలించక, కత్తెరతో కొమ్మలు కోసి, కొన్ని పూలను కాయలు కట్టుటకు విడిచిపెట్టండి. గునుగుకు రసాయన రంగులు అద్దవద్దు. నిమజ్జనము చేసినపుడు అవి చెరువు నీటిలో కలుస్తాయి. తంగేడు పసుపు, గునుగు తెలుపు సహజముగానే చాలినంత అందమైనవి.